కారులోంచి కుక్క బొచ్చు తీయడం: పైకప్పు నుంచి ఏసీ ఫిల్టర్ దాకా

కుక్కను కారులో తిప్పేవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టి అరగంట లాగితే ఇసుక పోతుంది, చిప్స్ ముక్కలు పోతాయి, బొచ్చు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నల్ల ప్యాంటు వేసుకుని ఆఫీసు దగ్గర దిగితే వెనకంతా తెల్లటి నూగు. మిషన్‌కి పవర్ చాల్లేదేమో అనుకుని ఇంకో పెద్ద మిషన్ కొంటారు, దాంతోనూ అంతే. వ్యాక్యూమ్ చేసే పని విడిగా పడి ఉన్నదాన్ని పీల్చడం. కుక్క బొచ్చేమో గుడ్డ నేతలోకి దిగిపోయి ఉంటుంది. ముందు దాన్ని పైకి లేపాలి, ఉండలు కట్టించాలి, ఆ తర్వాతే మిషన్ ఆన్ చెయ్యాలి. ఈ వరస ఒక్కటి పట్టుకుంటే ఖరీదైన సామానేమీ అక్కర్లేదు.

అసలు ఎందుకంత మొండిగా అతుక్కుంటుంది

ఒక్కో వెంట్రుక మీద, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా, కంటికి కనిపించనంత సన్నటి పొలుసులు కొన వైపు వాలి ఉంటాయి. అందుకే వెంట్రుక ఒక దిక్కుకే సులువుగా జారుతుంది, వెనక్కి రమ్మంటే మొరాయిస్తుంది. కుక్క అటూ ఇటూ తిరిగినప్పుడల్లా, మనం వెళ్లి దాని మీద కూర్చున్నప్పుడల్లా ఇంకాస్త లోపలికి పాకుతుంది.

చాలామంది పొడుగు బొచ్చు కుక్కలతోనే తలనొప్పి అనుకుంటారు కానీ అనుభవంలో తిరగబడి ఉంటుంది. గోల్డెన్ రిట్రీవర్, స్పిట్జ్ లాంటి వాటి బొచ్చు ఎంత రాలినా పైపైన పడుకుంటుంది, చేత్తో దువ్వితే చుట్టలు చుట్టుకుని వచ్చేస్తుంది. ల్యాబ్రడార్, పగ్, బీగిల్‌లవి పొట్టిగా, బిరుసుగా ఉండే వెంట్రుకలు. అవి నేరుగా గుచ్చుకుంటాయి. మా ఇంట్లో ఉన్నది ల్యాబ్ కాబట్టి ఈ మాట కాస్త కడుపుమంటతోనే చెబుతున్నాను. పొట్టి బొచ్చే కదా, ఎక్కువ రాలదులే అని పగ్‌ని తెచ్చుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది, వాటిలోనూ చాలావాటికి పై బొచ్చు, లోపలి మెత్తటి బొచ్చు అని రెండు పొరలుంటాయి, ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది, కాలం మారేటప్పుడు ఇంకా ఎక్కువ.

దీనికి తోడు స్టాటిక్ కరెంటు. కారు కార్పెట్, సీటు గుడ్డ దాదాపు అన్నీ సింథటిక్కే, గాలి పొడిగా ఉన్నప్పుడు కాస్త రాపిడి తగిలితే చాలు, వెంట్రుకల్ని లాక్కుని పట్టుకుంటాయి. హైదరాబాద్‌లో ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇది బాగా తెలుస్తుంది. విశాఖ, కాకినాడ వైపు వాళ్లకు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ బాధ కొంచెం తక్కువ, దానికి బదులు వాసన బాధ ఎక్కువ. ఆ సంగతి చివర్లో చూద్దాం.

కావలసినవి

గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు, వేళ్ల దగ్గర గరుకుగా గీతలున్నవైతే మంచిది. అద్దాలు తుడిచే చిన్న రబ్బరు వైపర్. సన్నగా మంచులా కొట్టే స్ప్రే బాటిల్. పాత టూత్‌బ్రష్ ఒకటి, అంగుళం వెడల్పు పెయింట్ కుంచె ఒకటి. బ్రౌన్ టేపు గానీ, బట్టల మీద నూగు తీసే రోలర్ గానీ. రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు. కాళ్లు రుద్దుకునే ప్యూమిస్ రాయి, ఇది డిక్కీ కోసం. ముక్కుకి మాస్కు తప్పకుండా పెట్టుకోండి, ఎందుకో మొదటి ఐదు నిమిషాల్లోనే అర్థమవుతుంది.

వ్యాక్యూమ్ విషయంలో ఒక్క మాట. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న మిషన్లకు అక్కడ దొరికేది 12 వోల్టుల కరెంటు, చాలా కార్లలో ఆ సాకెట్ హద్దే 120 వాట్లు. బిస్కెట్ పొడికి అవి చాలు, బొచ్చుకి చాలవు. ఇంట్లో వాడే మామూలు వ్యాక్యూమ్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్సుతో పార్కింగ్ దాకా తెచ్చుకోగలిగితే అదే మేలు. లేకపోతే బొచ్చు లేపే పనంతా ఇంటి దగ్గరే చేసుకుని, చివర్లో వాటర్ వాష్ షాపులో వ్యాక్యూమ్ ఒక్కటి కొట్టించుకోండి.

మొదలుపెట్టే ముందు

నీడలో పెట్టండి బండిని. ఎండలో కాలిన సీటు మీద స్ప్రే చేస్తే చెయ్యి తగిలేలోపే ఆరిపోతుంది, పైగా లోపల కూర్చుని పని చెయ్యడం మీవల్ల కాదు. నాలుగు తలుపులూ డిక్కీ తెరిచి, ఫ్యాను గాలి లేకుండా ఏసీ ఆపేసి, సామానంతా తీసేయండి. ఫుట్‌మ్యాట్లు బయట గోడకేసి రెండు దెబ్బలు కొట్టి పక్కన పెట్టండి.

నీళ్లు, షాంపూ, నురగ ఏదీ ఇప్పుడు వద్దు. బొచ్చు ఉండగానే సీటు తడిపితే అదంతా ముద్దగా మారి, ఆరాక నేతకి అంటుకుపోతుంది, అప్పుడు గోళ్లతో గీకినా రాదు. ముందు పొడి పని, ఆఖర్న తడి పని. మధ్యలో సన్నటి తుంపర ఒకటి వస్తుంది కానీ అది తడపడం కిందికి రాదు.

మొదటి అడుగు: పైనుంచి కిందికి

పైకప్పు గుడ్డ దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే అక్కడ రాల్చింది సీటు మీదే పడుతుంది. ఇక్కడ చెయ్యి చాలా తేలిగ్గా పడాలి. ఆ గుడ్డని పల్చటి ఫోమ్‌కి జిగురుతో అంటించి ఉంచుతారు, గట్టిగా రుద్దినా, తడిపినా, బంక ఎక్కువున్న టేపుతో పీకినా ఆ జిగురు వదిలి గుడ్డ కిందికి వేలాడుతుంది. తర్వాత దాన్ని బాగుచేయించడం పెద్ద ఖర్చు. రోలర్‌ని బరువు పెట్టకుండా ఒకసారి దొర్లించి వదిలేయండి చాలు.

డ్యాష్‌బోర్డు, ఏసీ కంతలు, తలుపుల్లో ఉండే స్పీకర్ జాలీ, గేర్ చుట్టూ ఉండే మడతలు కుంచెతో దులుపుతూ, రెండో చేత్తో వ్యాక్యూమ్ గొట్టం దగ్గరగా పట్టుకుంటే సరిపోతుంది. ఈ గట్టి ప్లాస్టిక్ భాగాల మీద బొచ్చు గుచ్చుకోదు, పైన తేలుతూ ఉంటుంది కాబట్టి ఇక్కడ మాత్రం మిషన్ నేరుగా వాడొచ్చు.

రెండో అడుగు: గుడ్డ సీట్లు

అరలీటరు స్ప్రే బాటిల్‌లో నీళ్లు పోసి, బట్టలు ఉతికాక చివర్లో వేసే కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్ ఒక టీస్పూన్ కలపండి. అది స్టాటిక్‌ని చంపుతుంది, దాంతో సీటుకీ వెంట్రుకకీ మధ్య పట్టు సడలుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ లాభమేం లేదు, సీటు జిడ్డుగా తయారై మళ్లీ దుమ్ము పడుతుంది. మీ కుక్క సీటు నాకే రకమైతే కండిషనర్ మానేసి ఉత్త నీళ్లే వాడండి, ఆ మందు దాని కడుపులోకి పోకూడదు. ముందు సీటు కింద కనిపించని మూల ఒకచోట కొట్టి, ఆరాక మరక పడిందేమో చూసుకోండి.

సీటుని ఒకేసారి మొత్తం తడపొద్దు. ఒక మూరెడు మేర ఒక్క తుంపర, అరచేతికి చెమ్మ తగిలీ తగలనట్టు. అర నిమిషం ఆగి గ్లౌజు చేత్తో, వేళ్లు దగ్గరగా పెట్టి, ఒకే దిక్కుకి మీ వైపుకి లాక్కోండి. జానెడు పొడవు లాగండి, చెయ్యి ఎత్తండి, మళ్లీ మొదటి చోటి నుంచే లాగండి. అటూ ఇటూ రుద్దితే లేచిన బొచ్చు మళ్లీ లోపలికే పోతుంది, ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. నాలుగైదు లాగుళ్ల తర్వాత ఏమీ లేదనుకున్న సీటు మీద బూడిద రంగు గీత ఒకటి మొదలవుతుంది, ఇంకో రెండు లాగితే అది చిటికెనవేలంత మందం తాడుగా చుట్టుకుంటుంది. దాన్ని అలాగే ఎత్తి కవర్లో వేయండి. ఆ తాడు రావడం ఆగాక, అదే చోట అడ్డంగా ఇంకోసారి లాగి చూడండి. నేత నిలువునా అడ్డంగా ఉంటుంది కాబట్టి మొదటి దిక్కులో దాక్కున్నవి రెండో దిక్కులో బయటపడతాయి.

పెద్ద చదును భాగాలకు గ్లౌజు కన్నా వైపర్ వేగంగా పని చేస్తుంది, వంపులకు, సీటు అంచులకు గ్లౌజే నయం. గ్లౌజు మరీ తడిసిపోతే జారుతుంది, తుడుచుకుని మళ్లీ వేసుకోండి. ఇదంతా అయ్యాకే వ్యాక్యూమ్. కుట్ల వెంట వరసగా నిలబడిపోయిన వాటికి టూత్‌బ్రష్‌తో కుట్టు పొడవునా గీస్తూ పక్కనే గొట్టం నడిపించాలి, అప్పటికీ మిగిలిన మొండి ఘటాలకు టేపు.

రెగ్జిన్, లెదర్ సీట్లు ఉన్నవాళ్లు అదృష్టవంతులు, తడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిక్కుకి తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది. కుట్ల దగ్గర మాత్రం మెత్తటి కుంచె. వైపర్ అంచు, రాయి, గట్టి బ్రష్ వీటి దగ్గరికి రానివ్వొద్దు. చల్లగాలి వచ్చే సీట్లయితే చిన్న చిన్న చిల్లులుంటాయి కదా, వాటి మీద స్ప్రే కొట్టొద్దు. లోపల ఫ్యాన్లుంటాయి. గుడ్డకి చెమ్మ అద్ది తుడవండి.

మూడో అడుగు: ఎవరూ చూడని సందులు

వెనక సీటు అడుగు భాగం, వీపు భాగం కలిసే సందులో చెయ్యి పెట్టి చూడండి. పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేల చుట్టూ ఒక చిన్న గూడే కట్టి ఉంటుంది. చాలా కార్లలో వెనక సీటు మడవొచ్చు, మడిచి శుభ్రం చేస్తే సగం బొచ్చు ఇక్కడే దొరుకుతుంది. సన్న గొట్టం ఒక్కటే పెడితే అంచులది పోయి అడుగుది ఉండిపోతుంది, వేలికి గ్లౌజు వేసుకుని ముందు తోడాలి.

ముందు సీట్లు పూర్తిగా ముందుకి జరిపి వెనక నుంచి, పూర్తిగా వెనక్కి జరిపి ముందు నుంచి శుభ్రం చేసుకోండి. సీటు జరిగే పట్టాల్లో గ్రీజుకి అంటుకున్న బొచ్చు సీటుని జామ్ చేస్తుంది, దాన్ని కుంచెతో బయటికి తీయాలి. సీటు కింద పసుపు రంగు వైర్లు, పసుపు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లొద్దు, అవి ఎయిర్‌బ్యాగులవి. వ్యాక్యూమ్ గొట్టం తగిలి ఊడితే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు హెచ్చరిక లైటు వెలుగుతుంది, ఇక సర్వీస్ సెంటర్‌కి పోవాల్సిందే.

సీటు బెల్టు మొత్తం బయటికి లాగి, వెనక్కి పోకుండా ఒక బట్టల క్లిప్పు పెట్టి, చెమ్మ గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. బెల్టు మెల్లగా వెనక్కి వెళ్తోందంటే చాలాసార్లు దానికి పట్టిన మురికి, బొచ్చే కారణం.

నాలుగో అడుగు: కింద కార్పెట్, డిక్కీ

అసలు యుద్ధం ఇక్కడ. కింద పరిచే కార్పెట్, ముఖ్యంగా డిక్కీలోది, చాలా కార్లలో నేసింది కాదు, సూదులతో పీచుని పొడిచి పొడిచి చేసిన పలక లాంటిది. నేత లేదు కాబట్టి వెంట్రుకకి ఒక దారంటూ లేదు, దొరికిన చోటల్లా చుట్టుకుని ఉంటుంది. గ్లౌజు సగం పనే చేస్తుంది. వైపర్‌ని కాస్త నిటారుగా పట్టుకుని, బరువు పెట్టి, పొట్టిగా లాగాలి. దానికీ రాకపోతే ప్యూమిస్ రాయి, పొడిగా ఉన్నది, ఒకే దిక్కుకి తేలిగ్గా గీకండి. రాయి గరుకుతనానికి వెంట్రుకలు పైకి లేచి ఉండలు కడతాయి. గట్టిగా నొక్కితే కార్పెట్ పీచు కూడా లేచి నూగుపడుతుంది, అందుకే ముందు ఒక మూల చూసుకోండి. ఈ రాయి డిక్కీ కార్పెట్‌కీ, కింద కార్పెట్‌కీ మాత్రమే. సీట్ల మీద, తలుపుల మీద, ప్లాస్టిక్ మీద వాడారంటే గీతలు జీవితాంతం ఉంటాయి.

స్టెప్నీ మీద ఉండే పలక ఎత్తి చూడటం మరిచిపోకండి. పక్కన పంక్చర్ షాపులో గాలి గన్ను ఉంటే ఈ గుంతలోనూ, సీటు పట్టాల్లోనూ రెండు నిమిషాలు కొట్టించుకోవచ్చు, కానీ తలుపులన్నీ తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని. ఏసీ కంతల్లోకి మాత్రం కొట్టనివ్వకండి, బయటికి రావాల్సింది ఇంకా లోపలికి పోతుంది.

వ్యాక్యూమ్ కొట్టేటప్పుడు మధ్యమధ్య డబ్బా తీసి చూస్తూ ఉండండి. మెత్తటి లోపలి బొచ్చు ఫిల్టర్‌కి పొరలా పట్టేస్తే మిషన్ మోగుతుంది గానీ లాగదు. తిరిగే బ్రష్ ఉన్న మిషనైతే చుట్టుకున్న దాన్ని కత్తెరతో కోసి తీయాలి. కుక్కకి పిడుదులు ఉన్న రోజుల్లో అయితే ఆ చెత్తని డబ్బాలో ఉంచొద్దు, వెంటనే కవర్లో మూతి కట్టి బయట పారేయండి.

ఐదో అడుగు: ఏసీ ఫిల్టర్

సీట్లన్నీ అద్దంలా చేసి, ఏసీ ఆన్ చేయగానే ముక్కుకి కుక్క వాసన కొడితే అది ఇక్కడి నుంచే. లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కినప్పుడు, ఏసీ గాలిని చాలా కార్లలో ఎడమ వైపు గ్లవ్ బాక్స్ వెనక నుంచో, దాని కింద కాళ్ల దగ్గర నుంచో లాక్కుంటుంది. ఎగురుతున్న బొచ్చు నేరుగా అటే పోతుంది.

చాలా మోడళ్లలో గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే అది కిందికి వాలుతుంది, వెనక సన్నటి మూత, మూత వెనక ఫిల్టర్. బయటికి తీసేటప్పుడు దాని మీదున్న బాణం గుర్తు ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు అటే ఉండాలి. పైన పరుచుకున్న బొచ్చు దులిపి పెట్టొచ్చు గానీ మడతల్లో నల్లగా పట్టేసి ఉంటే కొత్తది వేయడమే. కుక్క రోజూ ఎక్కే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగకండి. కొన్ని కార్ల బేస్ మోడళ్లలో అసలు ఫిల్టరే ఉండదు, చోటు మాత్రం ఉంటుంది. తెరిచి చూస్తే తెలుస్తుంది.

ఇంట్లో ఎవరికైనా కుక్క పడక తుమ్ములు, ఆయాసం వస్తుంటే బొచ్చు తీసి ఊరుకుంటే చాలదు. ఎలర్జీ తెప్పించేవి కుక్క లాలాజలంలో, చర్మం పొట్టులో ఉండే ప్రొటీన్లు. బొచ్చు వాటిని మోసుకొచ్చే వాహనం మాత్రమే. కాబట్టి బొచ్చు పోయాక గట్టి భాగాలన్నీ చెమ్మ గుడ్డతో తుడవడం, ఫిల్టర్ మార్చడం వాళ్ల కోసమైనా చెయ్యాలి.

వాసన

సీట్లు, కార్పెట్ బాగా ఆరాక వంట సోడా పల్చగా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున్నే వ్యాక్యూమ్ చేయండి. ఈలోగా కుక్కను ఎక్కించొద్దు. కొంతమంది సీటు కింద కలరా ఉండలు పెడతారు. వద్దు. నాఫ్తలీన్ కుక్కలకు విషం. టీ ట్రీ ఆయిల్ ఉన్న సెంట్లు కూడా వాటికి పడవు. ఫినాయిల్ సంగతి చెప్పనక్కర్లేదు. వానాకాలంలో తడి కుక్కను ఎక్కించాల్సి వస్తే ఇంటికొచ్చాక బండి అద్దాలు కాస్త దించి ఎండలో పెట్టండి, చెమ్మ లోపల ఉన్నంతకాలం ఏ స్ప్రే కొట్టినా రెండు రోజులే.

మళ్లీ ఇంత పని పడకుండా

బొచ్చుని కారులో పట్టుకోవడం కన్నా కుక్క మీద పట్టుకోవడం చాలా సులువు. బండి ఎక్కించే ముందు ఆరుబయట పది నిమిషాలు రబ్బరు పళ్ల దువ్వెనతో దువ్వండి. దూర ప్రయాణమైతే ముందు రోజో, రెండు రోజుల ముందో స్నానం చేయించి బాగా ఆరాక దువ్వాలి, స్నానం తర్వాత వదులైన బొచ్చంతా అప్పుడే వస్తుంది. ఎండాకాలం కదా, గుండు కొట్టించేద్దాం, రెండు సమస్యలూ పోతాయి అని మాత్రం అనుకోకండి. రెండు పొరల కుక్కలకు ఆ బొచ్చే ఎండ నుంచి కాపు, కొరిగితే కొన్నిటికి సరిగా తిరిగి రాదు కూడా.

సీటు మీదికి దగ్గర నేత ఉన్న పాత కాటన్ దుప్పటి చాలు. ముందు సీటు తలగడలకీ వెనక సీటు తలగడలకీ ఉయ్యాలలా కట్టే కవర్లు దొరుకుతాయి, కాళ్ల దగ్గర సందు మూసేస్తాయి కాబట్టి బొచ్చు కిందికి పోదు, సడన్ బ్రేకు వేస్తే కుక్కా కింద పడదు. దుప్పటిని దిగిన వెంటనే నాలుగు మూలలు లోపలికి మడిచి తీసి, బయట దులిపి, ఆరబెట్టాక ఇంకోసారి దులిపి అప్పుడు వాషింగ్ మెషిన్‌లో వేయండి. నేరుగా వేస్తే ఆ బొచ్చు మీ చొక్కాల మీదికి, మెషిన్ ఫిల్టర్‌లోకి చేరుతుంది.

ఇంత ఓపిక లేదు, దసరాకి వాహన పూజలోపు బండి శుభ్రం కావాలి అనుకుంటే డీటెయిలింగ్ షాపుకి ఇవ్వండి, తప్పేం లేదు. కుక్క బొచ్చు ఉందని ముందే చెప్పి రేటు మాట్లాడుకోండి, ఎందుకంటే వాళ్లకు ఇది మామూలు క్లీనింగ్ కన్నా గంటల పని ఎక్కువ, చెప్పకుండా ఇస్తే పైపైన కానిచ్చేస్తారు. ఇంకోటి, పని మొదలుపెట్టే కుర్రాడికే నేరుగా చెప్పండి: నురగ కొట్టేముందు బొచ్చు పూర్తిగా తీయమని, తీశాక ఫొటో పంపాకే షాంపూ మొదలుపెట్టమని.